సస్పెండైన హెడ్‌మిస్ట్రెస్‌గా నేను వెళ్లిన హనుమకొండ వకీలు ఆఫీసు: పదహారు నెలల అనుభవం

ప్రైవేటు పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసేవారికి యాజమాన్యంతో తగాదా వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పేవారు మన వైపు చాలా తక్కువ. ఉపాధ్యాయ సంఘాలు మనల్ని యాజమాన్యం మనుషులుగా చూస్తాయి, యాజమాన్యం మనల్ని జీతగాళ్లుగా చూస్తుంది. 2022 నవంబరులో నాకు సస్పెన్షన్ ఉత్తర్వు అందిన వారానికి, హనుమకొండ అదాలత్ సెంటరుకు దగ్గరలో ఉన్న ఒక న్యాయవాది కార్యాలయానికి వెళ్లాను. 2024 మార్చిలో వ్యవహారం ముగిసేదాకా వాళ్ల సేవలే తీసుకున్నాను. నాలాంటి పరిస్థితిలో ఉన్నవారికి పనికొస్తుందని ఆ సేవ ఎలా ఉందో రాస్తున్నాను. కార్యాలయం పేరు గానీ, నేను పనిచేసిన పాఠశాల పేరు గానీ రాయడం లేదు.

ముందు తగాదా ఏమిటో కొంత చెప్పాలి. 2009 జూన్‌లో ఒక ఎడ్యుకేషనల్ సొసైటీ నడిపే స్టేట్ సిలబస్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను, తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. సొసైటీ కమిటీ మారాక, టీచర్ల ఖాతాల్లో బ్యాంకు ద్వారా పూర్తి జీతం వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకునే పద్ధతి మొదలైంది. ఆ డబ్బు వసూలు చేసే పని నాకు అప్పగించారు. నేను చేయనన్నాను. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలని 1994 నాటి జీవో నంబరు 1 చెబుతోందని గవర్నింగ్ బాడీ సమావేశంలో గుర్తుచేశాను. మూడో వారంలో మెమో వచ్చింది. దానికి జవాబిచ్చేలోగానే కరస్పాండెంట్ గారు పిలిపించి, రాజీనామా రాసిస్తే మర్యాదగా సాగనంపుతామన్నారు. రాయనన్నందుకు సస్పెన్షన్ ఉత్తర్వు చేతికిచ్చారు. ఉద్యోగంలో చేరేటప్పుడు తీసుకున్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

అంతకుముందు ఇద్దరు వకీళ్లను కలిశాను. ఒకరు కాగితాలు చూడకుండానే హైకోర్టులో రిట్ వేద్దామన్నారు, ఇంకొకరు లేబర్ కోర్టు అన్నారు. ఈ మూడో కార్యాలయంలోని సీనియరు మాత్రం తొలిరోజు ముప్పావు గంట ఏమీ చెప్పకుండా నా ఫైలు చదివారు. తలెత్తి అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, మీ స్కూలు స్టేట్ బోర్డా, సీబీఎస్‌ఈనా?" అని. స్టేట్ బోర్డు అన్నాక, ఏ తలుపు తట్టకూడదో ముందుగా చెప్పారు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ ఒక్క గంటే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆయన చెప్పిన సంగతులను తర్వాత నేను స్వయంగా చదివి సరిచూసుకున్నాను. పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి లేబర్ కోర్టుకు వెళ్తే మొదటి అభ్యంతరం దగ్గరే కేసు ఆగిపోయేది. ఇక రిట్ సంగతికొస్తే, ప్రైవేటు పాఠశాలకూ ఉద్యోగికీ మధ్య కేవలం ఒప్పందానికి సంబంధించిన తగాదాలో రిట్ నిలవదని 2022 ఆగస్టు 24న సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో అదే కోర్టు చెప్పింది. అది సీబీఎస్‌ఈ అనుబంధ పాఠశాల కేసు, ఆ బోర్డు నియమాలకు చట్టబద్ధమైన బలం లేదని అందులో తేల్చారు. అయితే ఉద్యోగ షరతులను ఏదైనా చట్టం నేరుగా నియంత్రిస్తున్నచోట సంగతి వేరని కూడా ఆ తీర్పులోనే ఉంది. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, ఆగస్టు 29న, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు 1997 ఏప్రిల్ 3 నుంచీ గ్రాట్యుటీ వర్తిస్తుందన్న సవరణను సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ రెండు తీర్పులూ వెలువడి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. రెండూ ఆయన బల్లమీద ప్రింటు తీసి, గీతలు గీసి ఉన్నాయి. వకీలు చదువుతున్నాడన్న నమ్మకం కక్షిదారుకు ఇంతకన్నా ఎలా కలుగుతుంది?

మాకు ఆధారమైన చట్టం 1982 నాటి విద్యా చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చి, తెలంగాణకూ కొనసాగిన ఆ చట్టంలో 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలోని ఉద్యోగిని ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వకుండా తొలగించకూడదు. తీవ్రమైన దుష్ప్రవర్తన మీద విచారణ తలపెట్టినప్పుడే సస్పెండ్ చేయాలి. ఆ సస్పెన్షన్ సాధారణంగా రెండు నెలలు దాటకూడదు, ఆలోగా విచారణ పూర్తికాకపోతే ఉద్యోగి తిరిగి విధుల్లోకి వచ్చినట్టే లెక్క. పదమూడేళ్లుగా పాఠశాల నడిపే పనిలో ఉండి కూడా ఈ సెక్షన్‌ను నేను అంతకుముందు ఒక్కసారైనా చదవలేదు. మా ఊళ్లలో హెడ్‌మాస్టర్లలో ఎక్కువమంది చదివి ఉండరని నా అనుమానం.

కార్యాలయం పనితీరు గురించి చెప్పాలంటే, వాళ్ల బలమంతా కాగితాల మీద ఉంది. యాజమాన్యం నన్ను హెడ్‌మిస్ట్రెస్ కాదని, కేవలం "అకడమిక్ కన్సల్టెంట్" అని చెప్పే ప్రమాదం ఉందని సీనియరు గారు ముందే ఊహించారు, తర్వాత వాళ్లు సరిగ్గా అదే వాదించారు. నియామక పత్రం నా దగ్గర లేదు, ఎప్పుడూ ఇవ్వలేదు. దాని బదులు ఏం తేవాలో జూనియరు అమ్మాయి ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. పదో తరగతి నామినల్ రోల్స్ మీద ప్రధానోపాధ్యాయురాలిగా నా సంతకం ఉన్న ప్రతులు, నేను సంతకం చేసిన టీసీల జిరాక్సులు, జిల్లా విద్యాశాఖ కార్యాలయం నుంచి నా హోదాతో వచ్చిన లేఖలు, 2009 నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో ఉన్నాయి. పాత విద్యార్థుల తల్లిదండ్రులు నలుగురు టీసీల ప్రతులు తెచ్చిచ్చారు. ఆ కట్ట ముందు కన్సల్టెంట్ వాదన ఒక్క రోజు కూడా నిలవలేదు.

రెండు నెలలు పూర్తయిన మర్నాడు నన్ను పాఠశాలకు వెళ్లి విధుల్లో చేరుతున్నట్టు లేఖ ఇవ్వమన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వడని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పేరుపెట్టి పిలిచే పిల్లలు కిటికీల్లోంచి చూస్తుండగా గేటు బయట నిలబడిన ఆ పావుగంట తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అక్కడి నుంచే నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి అదే లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నేను విధులకు రావడం మానేశానని తర్వాత వాళ్లు అనకుండా చేసింది ఆ రశీదే. మార్చిలో, ఏ విచారణా లేకుండా, సేవలు అవసరం లేదంటూ తొలగింపు ఉత్తర్వు వచ్చింది. దాని మీద 80వ సెక్షన్ కింద అప్పీలు, విడిగా గ్రాట్యుటీ కోసం దరఖాస్తు, సర్టిఫికెట్ల కోసం లీగల్ నోటీసు, మూడూ ఒకే నెలలో వేశారు.

గ్రాట్యుటీ లెక్క ఒక్కటి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందికి వర్తిస్తుంది. అప్పుడు అమల్లో ఉన్న 1972 చట్టం ప్రకారం ఐదేళ్లు నిండిన ఉద్యోగికి ఏడాదికి పదిహేను రోజుల జీతం రావాలి, నెలను 26 రోజులుగా లెక్కించాలి. నా చివరి జీతం 26,000 రూపాయలు, అంటే ఏడాదికి 15,000. యాజమాన్యం పదమూడేళ్లకు లెక్కగట్టి 1,95,000 అంది. 2009 జూన్ నుంచి 2023 మార్చి వరకు పదమూడేళ్ల తొమ్మిది నెలలు, ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి గనుక 2,10,000 రావాలని జూనియరు అమ్మాయి పట్టుకుంది. పదిహేను వేలు పెద్ద మొత్తం కాదని వదిలేయకుండా ఆ ఒక్క అంశం మీదే ఆమె మరో లేఖ రాసింది.

అప్పీలు విచారణకు రాకముందే సొసైటీ పెద్దలు రాజీ మాట ఎత్తారు. న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో, కేసు కోర్టులో వేయకముందే పరిష్కారం చేసుకునే పద్ధతిలో, 2024 మార్చిలో ఒప్పందం కుదిరింది. గ్రాట్యుటీ పూర్తి మొత్తం, సస్పెన్షన్ కాలపు బకాయి, తొలగింపు ఉత్తర్వు రద్దు, రిలీవింగ్ ఆర్డరు, అనుభవ ధ్రువపత్రం, నా సర్టిఫికెట్లు వచ్చాయి. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. తిరిగి చేరే హక్కు కోసం పోరాడాలనుకుంటే దారి ఉందని, కానీ ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేనని సీనియరు గారు దాపరికం లేకుండా చెప్పారు. నిర్ణయం నాకే వదిలారు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమని, దాని మీద అప్పీలు ఉండదని, కాబట్టి ప్రతి వాక్యం చదివాకే సంతకం చేయమని రెండుసార్లు హెచ్చరించారు.

నాకు నచ్చని విషయాలూ ఉన్నాయి, వాటిని దాచను. తొలగింపు మీద వేసిన అప్పీలు మొదటి ప్రతిలో మరొక కక్షిదారుకు సంబంధించిన పేరా ఒకటి అలాగే ఉండిపోయింది. నేను ఇంటికి తీసుకెళ్లి చదివాను గనుక దొరికింది, లేకపోతే ఎవరిదో సస్పెన్షన్ తేదీ నా అప్పీలులో వెళ్లేది. కాగితాల మీదే బతికే కార్యాలయంలో ఇది చిన్న తప్పు కాదు. నోటీసులన్నీ ఇంగ్లిషులో రాశారు. తెలుగు ప్రతి కావాలని అడిగితే నోటితో సారాంశం చెప్పారు తప్ప రాసివ్వలేదు. నేను చదవగలను, కానీ నా దగ్గర పనిచేసిన తెలుగు పండిట్ గారికి ఇదే అవసరం వస్తే ఆయన ఏం చేస్తారు? 2023 జూన్ నుంచి ఆగస్టు వరకు ఫోను చేస్తే గుమాస్తా "సార్ కోర్టులో ఉన్నారు" అనడమే తప్ప తిరిగి ఫోను వచ్చింది లేదు. జీతం లేని మనిషికి మూడు నెలల మౌనం ఎంత బరువో వాళ్లకు తెలియాలి.

ఫీజు మొత్తం 25,000 రూపాయలు, మూడు విడతల్లో ఇచ్చాను. మొదటి రెండింటికీ రశీదు అడిగి తీసుకోవాల్సి వచ్చింది. అయితే ఫీజు మాట్లాడకముందే సీనియరు గారు ఒక మాట చెప్పారు: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని, కావాలంటే ముందు అక్కడికి వెళ్లి కనుక్కుని రమ్మని. తన ఆదాయానికి అడ్డమయ్యే సంగతిని తానే చెప్పిన మనిషి దగ్గర పని అప్పగించడానికి నేను వెనకాడలేదు.

కరీంనగర్‌లో ఒక సీబీఎస్‌ఈ పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న నా స్నేహితురాలికి ఈ మధ్య ఇలాంటి మెమోనే వచ్చింది. ఆమెను ఇక్కడికే పంపాను, కానీ నా కేసులో నడిచిన దారి ఆమెకు ఉండకపోవచ్చని ముందే చెప్పాను. సాయంత్రం ఆరున్నర తర్వాత వెళ్తే సీనియరు గారే కూర్చుంటారు, శనివారాలు రద్దీ ఎక్కువ. కార్యాలయం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెమో, దానికి మీరిచ్చిన జవాబు, జీతం పడిన బ్యాంకు పుస్తకం తీసుకెళ్లండి. రాజీనామా పత్రం మీద మాత్రం వాళ్లను కలిసేదాకా సంతకం పెట్టకండి.