కొత్తపేటలో ఒక మందుల షాపు: బిల్లు కొట్టే ముందు ఒక ప్రశ్న

గుంటూరు కొత్తపేటలో మందుల షాపులకు కొదవ లేదు. డిస్కౌంటు అన్నిచోట్లా కాస్త అటూ ఇటూగా ఒకటే. ఆస్పత్రుల సందులో ఉన్న ఈ షాపుకు మాత్రం పనిగట్టుకుని వెళ్ళొచ్చు. చీటీ ఇవ్వగానే ఫార్మసిస్టు, "రోజూ వేసుకునే బిళ్ళలు ఏంటండీ?" అని అడిగి చీటీ వెనక రాసుకుంటాడు. బిల్లు ఆ తర్వాతే.

కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. ఛాతీ ఇన్‌ఫెక్షన్‌కి క్లారిత్రోమైసిన్ 500 అనే యాంటిబయాటిక్ రాసిన చీటీ. తెచ్చిన పెద్దాయన కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 40 వాడుతున్నాడు. "బాబాయ్ గారూ, ఈ రెండూ కలిపి వద్దు, ఒక్క నిమిషం ఆగండి" అని డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పాకే మందు మార్చి ఇచ్చాడు.

అటోర్వాస్టాటిన్‌ని పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉండే సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. క్లారిత్రోమైసిన్ సరిగ్గా దాన్నే కట్టిపడేస్తుంది. దాంతో ఎప్పుడూ వేసుకునే 40 మిల్లీగ్రాములే రక్తంలో కొన్ని రెట్లు ఎక్కువగా చేరతాయి. ముదిరితే కండరం దెబ్బతిని, మూత్రం కాఫీ రంగుకి తిరిగి, కిడ్నీల మీదకొస్తుంది. యాంటిబయాటిక్ ఆపినా ఆ ఎంజైమ్ కోలుకోడానికి కొన్ని రోజులు పడుతుంది. అజిత్రోమైసిన్ కూడా క్లారిత్రోమైసిన్‌కి చుట్టమే కానీ ఈ ఎంజైమ్ జోలికి పెద్దగా పోదు. మన పంపర పనస మాత్రం పేగులో ఇలాంటి పనే చేస్తుంది. ఇదే ఎంజైమ్ విరగ్గొట్టే కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్ళకి ఇక్కడ ఆ సంగతి కూడా చెప్తారు.

ఆయాసానికి థియోఫిల్లిన్ రాస్తే చుట్ట, బీడీ అలవాటుందా అని అడుగుతారు. పొగాకు బోర్డు ఉన్న ఊళ్ళో అడగాల్సిన ప్రశ్నే! పొగ తాగేవాళ్ళ కాలేయంలో సీవైపీ 1ఏ2 అనే ఇంకో ఎంజైమ్ పెరిగి మందుని త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకని డోసు పెంచుతారు. మనిషి చుట్ట మానేస్తే వారం తిరిగేలోపు అదే డోసు ఎక్కువైపోయి వాంతులు, గుండె దడ మొదలవుతాయి. ఎంజైమ్‌ని పెంచేది పొగ, నికోటిన్ కాదు. కాబట్టి చుట్ట మానేసి నికోటిన్ గమ్ నమిలినా డోసు తగ్గించాల్సిందే. పైన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ పడితే మరీ ప్రమాదం, అది ఇదే ఎంజైమ్‌ని అణిచేస్తుంది.

ఇక లోపాలు. కవరు మీద "ఉదయం, రాత్రి" అని రాసి ఊరుకుంటారు. థైరాయిడ్ బిళ్ళ పరగడుపునే వేసుకోవాలి, కాల్షియానికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రెంటి మీదా "ఉదయం" అని రాసిస్తే రెండూ ఒక్క గుక్కలోనే పోతాయి. కాల్షియం పేగులోనే థైరాయిడ్ మందుని పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టదు.

రాత్రి ఎనిమిది దాటాక కౌంటర్లో కుర్రాళ్ళే ఉంటారు. రక్తం గడ్డకట్టకుండా ఎసినోకౌమరాల్ వాడే మనిషికి మెట్రోనిడజోల్ అనే యాంటిబయాటిక్ ఇచ్చేటప్పుడు కూడా ఏమీ అడగరు. ఆ జోడీతో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క) పెరుగుతుంది, చిగుళ్ళ నుంచి రక్తం కారడంతో మొదలై పేగుల్లో రక్తస్రావం దాకా పోవచ్చు.

పగలే వెళ్ళండి, పాత స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని. నాలుగు బిళ్ళలు అడిగితే పేరూ ఎక్స్‌పైరీ లేని ముక్క కత్తిరించి ఇచ్చే అలవాటు ఈ షాపుకీ ఉంది. పేరున్న వైపు ముక్క ఇమ్మని అడగండి, ఇస్తారు.