బూజుకు బ్లీచా, వెనిగరా?

షవర్ గోడ మీద నల్లమచ్చలు కనిపించగానే చెయ్యి బ్లీచ్ సీసా మీదికే వెళ్తుంది. నున్నటి టైల్స్ మీద అది తిరుగులేనిదే. పైనున్న బూజును చంపుతుంది, మచ్చనూ తెల్లబరుస్తుంది. టైల్స్ మధ్య సిమెంటు సందుల్లో కథ వేరు. అక్కడ రంగు పోయినంత మాత్రాన లోపలి బూజు చచ్చిందని అర్థం కాదు. అందుకే కొన్నాళ్లకు అదే చోట మళ్లీ తొంగిచూస్తుంది.

సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండే తెల్ల వెనిగర్ నిదానస్తుడు. నీళ్లు కలపకుండా చల్లి, గంటసేపు వదిలేసి, బ్రష్‌తో రుద్దాలి. కొన్ని రకాల బూజు దీనికి లొంగదు, పాత మరకను ఇది పోగొట్టదు. కానీ ఘాటు తక్కువ, సబ్బు పొరను కూడా వదిలిస్తుంది. వారంవారం శుభ్రతకు నా ఓటు దీనికే. పాలరాయి మీద మాత్రం వద్దు, ఆమ్లం రాయిని తినేస్తుంది.

రెండూ కలిపితే ఇంకా బాగుంటుందనుకునేవారూ ఉన్నారు. పొరపాటున కూడా వద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

టైల్స్ అంచుల్లో రబ్బరులా ఉండే సిలికాన్ అతుకు లోపలిదాకా నల్లబడితే ఏదీ పనిచేయదు. దాన్ని కోసి తీసి కొత్తది వేయాల్సిందే. స్నానం కాగానే గోడలు తుడిచి, ఫ్యాను అరగంట తిరగనిస్తే ఈ సీసాలతో పని తగ్గుతుంది.