స్విన్‌స్టీ చెరువు చుట్టూ ఏడేళ్ళు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి అని ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నన్నెవరడిగినా ఒకే మాట చెప్తాను, స్విన్‌స్టీ. 2018లో ఆఫీసులో ఒకావిడ చెప్తే మొదటిసారి వెళ్ళాను. అప్పటి నుంచి నెలకు ఒక్కసారైనా పోతూనే ఉన్నా. మంచు పడ్డ రోజూ తిరిగాను, గొడుగు విరిగిన రోజూ తిరిగాను.

లీడ్స్ నుంచి కారులో ముప్పావు గంట, ఆట్లీ దాటి పైకి పోవాలి. కారు లేనివాళ్ళకు మాత్రం కష్టమే. చుట్టు మొత్తం ఐదు కిలోమీటర్ల లోపు. దారి దాదాపు అంతా చదును, గులకరాళ్ళు పరిచి గట్టిపరిచారు. పిల్లల బండ్లు సులువుగా పోతాయి. నేనొక్కదాన్నే అయితే గంటంబావు, మా వాళ్ళతో అయితే రెండు గంటలు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మధ్యలో బెంచీలు ఉండబట్టే ఆ చుట్టు పూర్తిచేసింది.

స్విన్‌స్టీ మూర్ కార్ పార్కు దగ్గర మొదలుపెడితే చాలామంది నీళ్ళు ఎడమచేతి వైపు ఉండేలా నడుస్తారు. అమ్మ ఒప్పుకోలేదు. "ప్రదక్షిణ అట్ల చేస్తరానే?" అంది. సరేనని కుడిచేతి వైపు పెట్టుకుని తిరిగాం. తీరా చూస్తే అదే మేలు. పైనున్న ఫ్యూస్టన్ చెరువు కట్ట మీద కార్లు తిరిగే ఇరుకు రోడ్డు ఉంది. ఓపిక ఉండగానే ముందు అది దాటేస్తాం, అలసిపోయే వేళకు దేవదారు చెట్ల నీడ దొరుకుతుంది. ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళినా ప్రదక్షిణే.

బాపుకు మాత్రం కింది కొసనున్న కట్టే ముఖ్యం. పాఖాల ఆయకట్టు రైతు ఆయన. కాకతీయులు కట్టించిన చెరువు కింద వరి పండించినవాడికి ఇంకో చెరువును చూపిస్తే ఊరుకుంటాడా? కట్ట మీద నిలబడి, ఇటు నీళ్ళకేసి ఒకసారి, అటు కింది లోయకేసి ఒకసారి చూసి, "గిన్ని నీళ్ళున్నయ్, కింద ఒక్క మడన్న లేదేంది బిడ్డా?" అన్నాడు. ఇవి లీడ్స్ వాళ్ళు తాగే నీళ్ళు బాపూ అంటే నమ్మలేదు. నిజానికి వాష్‌బర్న్ అనే చిన్న ఏటి మీద వరసగా నాలుగు జలాశయాలున్నాయి, నగరం నీటి అవసరాల కోసం కట్టినవి. లిండ్లీ వుడ్ 1875లో, స్విన్‌స్టీ 1878లో, ఫ్యూస్టన్ 1879లో పూర్తయ్యాయి. అన్నిటికంటే పైనున్న థ్రస్‌క్రాస్ 1966 నాటిది, దానికోసం వెస్ట్ ఎండ్ అనే ఊరు మునిగింది. థ్రస్‌క్రాస్‌ది కాంక్రీటు. స్విన్‌స్టీది మన చెరువుల్లాగే మట్టికట్ట అని చెప్పాక బాపు మొహం వెలిగింది. కట్ట వాలును కాలితో తట్టి చూశాడు కూడా. చలికాలం వానలకు నీళ్ళు నిండి పొంగితే వీడియో తీసి పంపమంటాడు. "మత్తడి దుంకుతున్నదా?" అన్నది మా ఫోన్లలో మొదటి ప్రశ్న.

2022 ఆగస్టులో ఆ వీడియో తీయాలనిపించలేదు. నీళ్ళు లోపలికి దిగిపోయి, అంచంతా నెర్రెలిచ్చిన బురద. ఆ నెలాఖరున యార్క్‌షైర్‌లో తోటలకు పైపుతో నీళ్ళు పట్టడం నిషేధించారు. 2025 జులైలో మళ్ళీ అదే.

ఈ నీళ్ళ కింద న్యూ హాల్ అనే పాత ఇంటి జాగా ఉంది. ఎడ్వర్డ్ ఫెయిర్‌ఫాక్స్ అనే కవి ఉండేవాడక్కడ. 1621లో తన కూతుళ్ళకు చేతబడి చేశారని ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మీద ఫిర్యాదు చేశాడు. యార్క్ కోర్టు వాళ్ళను వదిలేసింది. ఈ కథ అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. ఆ తర్వాత నీళ్ళ అంచున ఆగనివ్వలేదు.

తల పైకెత్తితే చీలిన తోకతో ఎర్ర గద్దలు కనిపిస్తాయి. వీటిని 1999 నుంచి కొన్నేళ్ళపాటు దగ్గర్లోని హేర్‌వుడ్‌లో తెచ్చి వదిలారు. మేం పులిహోర డబ్బా తెరిస్తే ఒకటి మా నెత్తి మీదే చక్కర్లు కొట్టింది.

ఇక తిట్లు. కుక్కలను తాడు లేకుండా వదిలేసేవాళ్ళు ఎక్కువ. "అదేం అనదు" అని నవ్వుతారు గానీ మా అమ్మకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఎండ కాసిన ఆదివారం పదకొండు దాటితే కారు పెట్టుకునే చోటు దొరకదు. ఫోను సిగ్నల్ అంతంతమాత్రం. వేసవి సాయంత్రం చిన్న దోమల్లాంటి పురుగులు మొహానికి ముసురుకుంటాయి. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి, దేవదార్ల కింద ఇంకా ముందే. నీళ్ళలో ఈత నిషేధం, వేడిగా ఉన్న రోజు పిల్లలున్నవాళ్ళు ముందే సర్దిచెప్పుకోవాలి.

ఓపికున్నవాళ్ళు ఫ్యూస్టన్ చుట్టు కూడా కలిపి ఎనిమిది అంకెలా తిరుగుతారు, అప్పుడు పది కిలోమీటర్లు దాటుతుంది. అటు ఎత్తుపల్లాలు, వేర్లు. ఫ్యూస్టన్ ఊరి చర్చి దగ్గర మాత్రం ఆగండి. అక్కడ తవ్వకాల్లో 150కి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని పిల్లలవి, అవిసెనార మిల్లులో పని చేయించడానికి దూరం నుంచి తెచ్చినవాళ్ళవి. 2016లో అన్నిటినీ మళ్ళీ అక్కడే పూడ్చారు. పక్కనున్న హెరిటేజ్ సెంటర్ తెరిచి ఉన్న రోజయితే టీ, కేకు దొరుకుతాయి.

బాపు ఆ రెండో చుట్టుకు ఒక్కసారే బయల్దేరాడు. మొదటి వేరు దగ్గరే ఆగి, "నువ్వు పొయ్యిరా బిడ్డా, నేనీ కట్ట కాడ కూసుంట" అన్నాడు. తిరిగొచ్చేసరికి గాలం వేస్తున్న ఒక తెల్లాయన పక్కన నిలబడి, వచ్చీరాని ఇంగ్లిషులో, మా చెరువులో కొర్రమీను ఎంత పొడవుంటుందో చేతులు చాపి చూపిస్తున్నాడు.