పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ: ఉస్మానియానా, జేఎన్‌యూనా?

పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయదలచిన తెలంగాణ విద్యార్థులు రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో చేరవచ్చు, లేదా జాతీయ స్థాయి పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి (జేఎన్‌యూ) వెళ్లవచ్చు. సీపీగెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు. సీట్లలో అధిక భాగం స్థానికులకే దక్కుతుంది. 2022 నుంచి జేఎన్‌యూ ప్రవేశాలకు ఆధారమైన సీయూఈటీ పీజీలో నెగెటివ్ మార్కులు ఉన్నాయి, పోటీ దేశమంతటి నుంచీ వస్తుంది.

చదువులో తేడా ఇంకా లోతైనది. జేఎన్‌యూ పర్యావరణ విభాగంలో భౌతిక, రసాయన, జీవ, భూవిజ్ఞాన శాస్త్రాలు ఒకేచోట కలుస్తాయి కాబట్టి, డిగ్రీలో రసాయన శాస్త్రం ఒక్కటే గట్టిగా చదివినవారు మొదట్లో శ్రమపడక తప్పదు. పరిశోధన వైపు వెళ్లేవారికి ఆ శ్రమ వృథా కాదు. ఉస్మానియా విద్యార్థులకు మూసీ, హుస్సేన్‌సాగర్, పటాన్‌చెరు పారిశ్రామిక వాడ చేరువలోనే ఉంటాయి. నీటి నమూనాలు సేకరించి, కాలుష్యాన్ని భరిస్తున్న ప్రజలతో వారి భాషలోనే మాట్లాడి చేసే ప్రాజెక్టుకు ఇది ఎంతో అనువైన క్షేత్రం. ఢిల్లీలోనూ యమున ఉంది, శీతకాలపు వాయు కాలుష్యం ఉంది, కాని అక్కడ హిందీ రావాలి.

కాలుష్య నియంత్రణ మండలిలోనో స్థానిక పరిశ్రమల్లోనో పనిచేయదలచినవారికి నేను ఉస్మానియానే సూచిస్తాను. పీహెచ్‌డీ లక్ష్యమైతే జేఎన్‌యూ మేలు; అక్కడ సీటు రాకపోతే ఏడాది ఆగడం కంటే ఉస్మానియాలో చేరి, పీహెచ్‌డీ ప్రవేశానికి ఉపకరించే జాతీయ అర్హత పరీక్ష నెట్‌కు సిద్ధపడటం మంచిది.