రైడ్ భవనాన్ని గట్టు వెనక దాచాలా, రంగుతో మాయం చేయాలా?

థీమ్ పార్కులో డార్క్ రైడ్ (చీకటి గదుల్లో, దృశ్యాల మధ్య బండిలో తిప్పే ఆట) నడిచేది నిజానికి ఓ పెద్ద గోడౌన్‌లో. ఆ డబ్బా కంటపడిందా, చుట్టూ కట్టిన ఊహాలోకం చెదిరిపోతుంది. దాచడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది మట్టిగట్టు. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ చుట్టూ 1955 నుంచీ గట్టు ఉంది, దాని మీద రైలు తిరుగుతుంది. 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల బంగ్లా రైడ్‌నే చూడండి. మనకు కనిపించే బంగ్లా చిన్నది, అసలు రైడ్ గట్టుకు అవతల ఉంటుంది. గోడలు సాగుతున్నట్టు అనిపించే గది నిజానికి కిందికి దిగే లిఫ్ట్. అక్కడి నుంచి పట్టాల కిందుగా అవతలికి నడిపిస్తారు. భయపెట్టే గదే మనల్ని మోసుకెళ్లే పని కూడా చేసేస్తోంది! ఇంతకన్నా అందమైన పరిష్కారం నాకు తెలియదు. కాకపోతే తవ్వకం, స్థలం, ఖర్చు అన్నీ ఎక్కువే. పైగా మొదటి ప్లాన్‌లోనే ఉండాలి.

రెండోది రంగు. డిస్నీవాళ్ల 'గో అవే గ్రీన్' లాంటి మసక ఆకుపచ్చ పూస్తే చూపు అక్కడ ఆగదు. చవక, ఎప్పుడైనా వేసుకోవచ్చు. కానీ భవనం చెట్లను మించితే ఆకుపచ్చ పనికిరాదు, వెనక ఉండేది ఆకాశం కదా. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో 2022లో తెరిచిన కాస్మిక్ రివైండ్ అనే రోలర్ కోస్టర్ భవనానికి నీలం వేశారు, అయినా దూరం నుంచే కనిపిస్తుంది.

చోటుంటే నా ఓటు గట్టుకే. కంచెలకు, చిన్న షెడ్లకు రంగు చాలు.