వెనక వరండాలో బయటి వంటగట్టు, హోరమావు, బెంగళూరు

ఇంట్లో చేపలు వేయిస్తే మూడ్రోజులు వాసన పోదని అమ్మ ఎప్పట్నుంచో అంటుంది, అందుకే వెనక వరండాలో వంటగట్టు కట్టించాం. డిజైన్ చేసినావిడ కొలతల కంటే ముందు గాలి ఎటునుంచి కొడుతుందో చూసింది, బెంగళూరులో వానాకాలం గాలి ఎక్కువ పడమర నుంచే కదా, స్టవ్‌కి అటువైపు గోడ లేపించింది, ఇప్పుడు మంట ఊగట్లేదు. గట్టు కూడా అమ్మ ఎత్తుకి సరిపోయేలా 32 అంగుళాలే పెట్టింది. నాకు బాగా నచ్చింది సిలిండర్ అర విషయం. మేస్త్రీ గాలి పోయే కన్నం పైన పెడితే ఒప్పుకోలేదు, వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందే చేరుతుంది అని చెప్పి నేల దగ్గర జాలీ పెట్టించింది.

కానీ నేల వాలు తప్పింది, మొదటి వానకే స్టవ్ ముందు నీళ్ళు నిలిచాయి, ఫోన్ చేస్తే పది రోజులకి వచ్చారు, డబ్బులు అడక్కుండా టైల్స్ పీకి మళ్ళీ వేశారు అనుకోండి, అయినా ఆ పది రోజులు అమ్మ జారిపడుతుందేమోనని భయం. మీరు మాత్రం బకెట్ నీళ్ళు పోసి చూశాకే చివరి డబ్బులివ్వండి. నల్ల గ్రానైట్ కూడా వద్దు, మధ్యాహ్నం ఎండకి చెయ్యి పెట్టలేం, లేత రంగు తీసుకోండి.