ఓపెన్‌న్యూరో రివ్యూ: స్కానర్ లేని కాలేజీ నుంచి

స్కానర్ లేని కాలేజీలో బ్రెయిన్ ఇమేజింగ్ చెప్పాలంటే మెదడు స్కాన్ల డేటాను ఉచితంగా ఇచ్చే ఓపెన్‌న్యూరో వెబ్‌సైట్‌ని మించిన చోటు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టులు చేయించే లెక్చరర్‌గా ఈ మాట అంటున్నాను. ఏ సంవత్సరం చూసినా నా దగ్గరికి రెండు టాపిక్‌లు తప్పకుండా వస్తాయి. ఒకటి బ్రెయిన్ ట్యూమర్ గుర్తించడం, ఇంకొకటి పంట ధర అంచనా వేయడం. మాది ఖమ్మం జిల్లా కాబట్టి ఆ పంట దాదాపు ఎప్పుడూ మిర్చే. అందుకే మెదడు డేటా గురించి రాయడానికి కూర్చుంటే చేను డేటా కూడా కలిసి వస్తోంది.

ఓపెన్‌న్యూరోని నడిపేది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో రస్సెల్ పోల్డ్రాక్ బృందం. మొదట్లో దీని పేరు ఓపెన్‌ఎఫ్‌ఎంఆర్‌ఐ. అప్పట్లో ఫంక్షనల్ ఎంఆర్‌ఐ, అంటే మెదడు పని చేస్తుండగా తీసే ఎంఆర్‌ఐ ప్రయోగాలకే పరిమితం, ఇప్పుడు ఈఈజీ, ఎంఈజీ, పెట్ లాంటి వేరే పద్ధతుల్లో మెదడును కొలిచిన డేటా కూడా ఉంది. ప్రయోగాల కోసం తీసిన స్కాన్లను ల్యాబ్‌లే ఇక్కడ పెడతాయి, ఎవరైనా దించుకోవచ్చు. ఫీజు లేదు, దరఖాస్తు లేదు, హెచ్ఓడీ సంతకం కోసం తిరిగే పని లేదు. హక్కులన్నీ వదులుకునే సీసీ0 లైసెన్స్ కింద ఉంటుంది కాబట్టి వాడుకోవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఎక్కడి నుంచి తెచ్చామో రిపోర్టులో రాయడం మర్యాద. మా పిల్లల చేత అది తప్పకుండా రాయిస్తాను.

ఇది దొరకక ముందు పిల్లలు ఏం చేస్తారో చెబితే దీని విలువ తెలుస్తుంది. నెట్‌లో దొరికే ట్యూమర్ బొమ్మల ఫోల్డర్ ఒకటి దించుకుంటారు. అన్నీ జేపీజీలు. ఆ మనిషి వయసెంతో, ఏ స్కానర్‌లో తీశారో, మెదడును అడ్డంగా కోసినట్టు తీసిన ఆ ముక్క మందం ఎన్ని మిల్లీమీటర్లో ఎక్కడా ఉండదు. ఒకే రోగి మెదడులో పక్కపక్క ముక్కలు కొన్ని మోడల్‌కి నేర్పే ట్రైనింగ్‌లోకి, కొన్ని దాన్ని పరీక్షించే టెస్టింగ్‌లోకి పోతాయి. అలాంటప్పుడు మోడల్‌కి 98 శాతం యాక్యురసీ రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. వైవాలో ఆ అంకె చూసి అందరూ సంతోషిస్తారు. కానీ ఆ పిల్లలు మెదడు గురించి నేర్చుకున్నదేమీ ఉండదు, అదే నా బాధ.

ఓపెన్‌న్యూరోలో నేను మొదట చూపించేది డీఎస్000114 అనే సెట్. యాభైల వయసున్న ఆరోగ్యవంతులు పది మంది, ఒక్కొక్కరికీ రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు స్కాన్ తీశారు. స్కానర్‌లో పడుకుని వాళ్లు చేసిన పనుల్లో ఒకటి చాలా తేలికైనది: చెప్పినప్పుడు వేళ్లు కదపడం, పాదం కదపడం, పెదవులు కదపడం. రెండున్నర సెకన్లకొకసారి మెదడు మొత్తం బొమ్మ తీస్తారు. పిల్లలు ఈ మూడు పనుల మధ్య తేడా లెక్కగట్టి మ్యాప్ గీస్తే, పాదం కదలిక నడినెత్తి కింద మధ్య గీత దగ్గర వెలుగుతుంది, వేళ్లవి కొంచెం పక్కకు, పెదవులవి ఇంకా కిందికి. 1930లలో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, ఆపరేషన్ బల్ల మీద మెలకువగా ఉన్న రోగుల మెదడును కరెంటుతో తాకి గీసిన పటం కూడా ఈ వరసలోనే ఉంటుంది. మా ల్యాబ్‌లో ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పీసీ మీద అది బయటపడగానే పిల్లలు కుర్చీల్లోంచి లేచి ఒకరి స్క్రీన్ ఒకరు చూసుకుంటారు. దానికి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను.

ఇంకో సంగతి ఇక్కడే అర్థమవుతుంది. స్కానర్ నరాల కణాలను నేరుగా చూడదు. పని చేస్తున్న చోటికి రక్తం ఎక్కువ వస్తుంది, ఆ రక్తంలో ఆక్సిజన్ పాళ్లు మారడాన్ని చూస్తుంది. 1990లో సెయిజి ఒగావా చూపించిన పద్ధతి ఇది. వేలు కదిపిన ఐదారు సెకన్లకు గానీ ఆ సిగ్నల్ పూర్తిగా పైకి రాదు. ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మ్యాప్ సరిగా రాదు. ఇదంతా జేపీజీ ఫోల్డర్ ఎన్నటికీ నేర్పదు.

ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా నచ్చింది గుమ్మం దగ్గరి కాపలా. ఇక్కడ డేటా పెట్టాలంటే బిడ్స్ అనే పద్ధతిలోనే ఉండాలి. 2016లో వచ్చిన ప్రమాణం అది. ఫైలు పేరులో మనిషి నంబరు, సెషన్, పని పేరు ఒక వరసలో రావాలి. ఫంక్షనల్ స్కాన్ పక్కన చిన్న టెక్స్ట్ ఫైలులో ఎన్ని సెకన్లకొక బొమ్మ తీశారో ఉండాలి, ఏ సెకనులో ఏ పని చేయించారో ఇంకో ఫైలులో ఉండాలి. వాలిడేటర్ అనే ప్రోగ్రాం వీటిని చూస్తుంది, తప్పనిసరి వివరం లేకపోతే లోపలికి రానివ్వదు. పెట్టేవాళ్లకు అది టెన్షనే. కానీ వాళ్లు ఒక్కసారి కష్టపడితే ప్రపంచంలో దించుకునే వాళ్లందరికీ ఆ కష్టం తప్పుతుంది. డేటా మారిస్తే కొత్త వెర్షన్‌గా నిలుస్తుంది, పాతదీ ఉంటుంది. పోయిన బ్యాచ్ చేసిన లెక్కను ఈ బ్యాచ్ మళ్లీ చేసి చూడగలగడం అందువల్లే.

ఇప్పుడు మిర్చి బ్యాచ్ సంగతి. వాళ్లకు వచ్చే ఫైళ్లలో విస్తీర్ణం కాలమ్‌లో 2.20 అని ఉంటుంది. తెలంగాణ పాసుబుక్ లెక్కలో అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మధిర దాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ జిల్లా వైపు పోతే అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి నలభై గుంటలు, వంద సెంట్లు. కంప్యూటర్‌కు రెండూ ఒకటే అంకె. రెండు రాష్ట్రాల ఫైళ్లు కలిపి ఎకరానికి దిగుబడి తీస్తే తెలంగాణ రైతు ఉన్నదానికన్నా ఎక్కువ పండించినట్టు వస్తుంది. ధరల ఫైళ్లలో ఇంకో తంటా. ఎండు మిర్చి ఒకచోట ఒక పేరుతో, ఇంకోచోట ఇంకో పేరుతో ఉంటుంది. తేజ రకమా, బ్యాడిగా అన్నది కొన్ని వరసల్లో ఉండదు. ఆ రెండిటికీ యార్డులో ధర ఒకటి కాదని మా ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. బిడ్స్ లాంటి కాపలా ఇక్కడ ఉంటే పిల్లలకు సగం సెమిస్టరు మిగులుతుంది.

దానికి దారి లేదని కాదు. 2023 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి అగ్రికల్చర్ డేటా ఎక్స్ఛేంజ్‌ని మొదలుపెట్టాయి. అడెక్స్ అంటారు. మొదట తీసుకున్నది మా ఖమ్మం జిల్లానే. దానికి ముందు ఇక్కడే సాగు బాగు పేరుతో సుమారు 7,000 మంది మిర్చి రైతులతో మట్టి పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, ఫోన్‌లో సలహాలు నడిచాయి. అడెక్స్ ఆలోచన నాకు నచ్చింది. డేటా అంతా తెచ్చి ఒకచోట కుప్ప పోయకుండా, ఎవరి దగ్గర ఏముందో చూపే కేటలాగ్ పెట్టి, కొన్నిటిని అందరికీ, కొన్నిటిని అనుమతి ఉన్నవాళ్లకే ఇచ్చే పద్ధతి అది. అనుమతి సంగతిలో అది ఓపెన్‌న్యూరో దారిలో వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే, మెదడు స్కాన్ల నుంచి ముఖం చెరిపేయవచ్చు. 2019లో మేయో క్లినిక్ వాళ్లు 84 మంది ఎంఆర్‌ఐల నుంచి ముఖాలు తయారుచేసి, ఫేస్ రికగ్నిషన్‌తో 70 మందిని సరిగ్గా పట్టుకున్నారు. ఓపెన్‌న్యూరో అందుకే ముఖం తీసేసిన స్కాన్లు అడుగుతుంది. మరి చేను ముఖం ఎలా తీస్తారు? సర్వే నంబరు తీసేసినా, ఊరి పేరు, ఎకరాలు, వేసిన రకం చెబితే చాలు, అది ఎవరి చేనో మా ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారు. ఎవరి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఎంత ఉంది, ఎవరికి అప్పు గడువు దగ్గరపడింది అన్నది కొనేవాడికి ముందే తెలిస్తే ఆ రైతు బేరం అక్కడితో అయిపోయినట్టే. మా నాన్న మిర్చి అమ్మడం చూస్తూ పెరిగినదాన్ని. ఇది నాకు సిద్ధాంతం కాదు. ఓపెన్‌న్యూరో నుంచి తెచ్చుకోవాల్సింది కొలతల్లో ఆ కచ్చితం. తలుపులు బార్లా తెరవడం మాత్రం వాన లెక్కలకు, యార్డు ధరలకు చాలు, రైతు వివరాలకు వద్దు.

ఓపెన్‌న్యూరోకి నేను తగ్గించే మార్కులు కూడా చెప్పాలి. వాలిడేటర్ చూసేది ఫైళ్ల అమరికను, స్కాన్ నాణ్యతను కాదు. పడుకున్న మనిషి తల కదిపాడా లేదా అన్నది మనమే ఎంఆర్‌ఐక్యూసీ లాంటి ప్రోగ్రాంతో చూసుకోవాలి. స్కాన్లలో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ ల్యాబ్‌లవి. అందరి స్కాన్లనూ ఒకే కొలతకు తేవడానికి వాడే ప్రామాణిక మెదడు నమూనా, ఎంఎన్‌ఐ టెంప్లేట్ కూడా మన తలల నుంచి వచ్చింది కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో అలాంటి నమూనానే, అట్లాస్ అంటారు, తయారుచేసి, మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున పాశ్చాత్యుల కన్నా తక్కువని చూపించారు. క్లాసులో నేను రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

సైజు ఇంకో సమస్య. కాలేజీ నెట్‌తో సెట్ మొత్తం దించాలని చూడకండి. డేటాలాడ్ అనే ప్రోగ్రాం వాడితే ముందు ఫైళ్ల పేర్లన్నీ వస్తాయి, అసలు స్కాన్లు మనం అడిగినవే దిగుతాయి. కొత్తగా మొదలుపెట్టే లెక్చరర్లు డీఎస్000114లో ఇద్దరి స్కాన్లు, అదీ వేళ్లు-పాదం-పెదవుల పని ఒక్కటి దించితే సరిపోతుంది. స్కాన్లను లెక్కలకు సిద్ధం చేసే ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ ప్రోగ్రాం జోలికి మొదటి నెలలోనే వెళ్లొద్దు, ఒక్కో మనిషికి గంటలు పడుతుంది, మామూలు పీసీలు తట్టుకోవు. ముందు ముడి బొమ్మను తెరిచి, ఒక్క చుక్క దగ్గర సిగ్నల్ కాలంతో పాటు ఎలా ఎక్కి దిగుతోందో కాగితం మీద గీయించండి.